చివరి పదకొండు కాగితాలు

కుతాయిసిలో తెల్లరాళ్ల వంతెన దిగితే
బూట్లు కుట్టే బాద్రి కొట్టుకి ఆనుకుని నా కొట్టు.
అతను తోలు కుడతాడు, నేను పుస్తకాలు.
సూదులు ఒకరికొకరం అప్పిచ్చుకుంటాం.

పుస్తకం తెచ్చినవాళ్లు తమ సంగతి చెప్పక్కర్లేదు.
బల్లమీద నిలబెట్టి చేతులు వదిలేస్తాను.
దానంతటది ఎక్కడ తెరుచుకుంటే
అక్కడ వాళ్ల కాపురం.

మాంసం కొట్టు ఓతియా తెచ్చింది తేనెటీగల పెంపకం.
అతనికి ఒక్క ఈగ కూడా లేదు.
పాత గూడు వదిలి ఈగలన్నీ లేచిపోయే పేజీలో
కొవ్వు వేలిముద్రలు, ఒకదానిమీద ఒకటి.
"శుభ్రం చెయ్యనా?" అన్నాను.
"అమ్మో, ముట్టుకోకు. అట్ట ఒక్కటే."

నర్సు మ్జియా వంటల పుస్తకంలో
ఉప్పు కొలతలన్నీ కొట్టేసి ఉన్నాయి.
వాళ్లాయన గుండె ఎప్పట్నుంచి మొరాయిస్తోందో
ఆ పెన్సిలు గీతలే చెప్పాయి.

పళ్ల డాక్టరమ్మ ఒకావిడ, దూడతోలు బైండింగు కావాలంది,
ఈ పుస్తకమంటే తనకి ప్రాణమంది.
విప్పి చూస్తే కాగితాలు ఇంకా ఒకదాన్నొకటి వదల్లేదు.
నేనేమీ అనలేదు.
అద్దం కొనుక్కున్నవాళ్లంతా
మొహం చూసుకోవాలని లేదుగా.

నాది చెప్పాలంటే
కరెంటు లేని ఆ చలికాలం చెప్పాలి.
నాకు తొమ్మిదేళ్లు. తమ్ముడు బెసో నెలల పిల్లాడు.
కుర్చీలు అయిపోయాయి. వంటింటి తలుపు అయిపోయింది.
నాన్న పుస్తకాల బీరువా ముందు కూర్చున్నాడు
పెళ్లికి ఎవర్ని పిలవకూడదో రాసుకునేవాడిలా.
ముందు ఉపన్యాసాల సంపుటాలు వెళ్లాయి పొయ్యిలోకి.
"అట్టలు బానే మండుతున్నాయి, లోపలిదంతా పొగే" అన్నాడు.
తర్వాత లెక్కలు. తర్వాత అమ్మ బడిలో చదువుకున్న భూగోళం.
ఆఫ్రికా కాస్త ఎక్కువసేపు మండింది.

నా పుస్తకం దిండు కింద దాచాను.
ఉప్పు మోసుకుంటూ మంచు కనుమ దాటే ముసలాడు,
వెనకాలే లోమా అనే కుంటి కుక్క.

ఒక రాత్రి గిన్నెలో పాలు గడ్డకట్టాయి.
బెసో ఏడుపు ఆపేశాడు, ఏడ్చే ఓపిక లేక.
నేనే తీసిచ్చాను.
నాన్న మొత్తం తీసుకోలేదు.
చివర్నుంచి లెక్కపెట్టి చించాడు. పదకొండు.
పాలు గోరువెచ్చనయ్యాయి.

అలా ఆ కథ ముగింపు వాడి కడుపులోకి పోయింది.
పెద్దవాడవుతుంటే ప్రతి రాత్రీ కథ అడిగేవాడు,
నేనే ఒక చివర అల్లేదాన్ని.
ముసలాడు కొన్నాళ్లు చచ్చిపోయేవాడు,
కొన్నాళ్లు ఏదో ఊరికి రాజయ్యేవాడు, నా మూడ్‌ని బట్టి.
కుక్క మాత్రం ప్రతిసారీ తిరిగొచ్చేది.
రాకపోతే వీడు పడుకునేవాడు కాదు.

మొన్న మంగళవారం జెస్తాపోని నుంచి ఎవరో
అదే పుస్తకం తెచ్చారు, వెన్ను విరిగింది, అంతే.
కాగితాలన్నీ ఉన్నాయి.
రాత్రి కొట్టు మూయలేదు.
మైనం రాసిన దారానికే మళ్లీ మైనం రాస్తూ కూర్చున్నాను.
చివరికి బెసోకి ఫోన్ చేశాను.

ఆఖరి ట్రిప్పు జనాన్ని దించేసి వచ్చాడు.
బడి మానేశాక ఊళ్ల బోర్డులు తప్ప ఏదీ చదవనివాడు
వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, పైకి చదివాడు.
ఉప్పు అమ్ముడైంది. ముసలాడు ఇల్లు చేరాడు.
బాకీ తీర్చాడు. మంచు కరిగింది.

కాగితం తిప్పాడు. అవతల అట్ట.
"లోమా ఏదీ?"
అట్ట లోపలివైపు చూశాడు,
పుస్తకాన్ని తలకిందులుగా పట్టి దులిపాడు.
"అక్కా, మర్చిపోయాడా వీడు?"

బయట వాడి వ్యాను, ఇంజను ఆపకుండానే వదిలొచ్చాడు.
ముందు అద్దం కింద ఎర్రరంగుతో, వాడి వంకర రాతలో
రెండే అక్షరాలు.
ఎక్కేవాళ్లు కూతురి పేరనుకుంటారు.
వాడు కాదనడు.