విరగని పాలు

స్టేడియం లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు.
ముప్పై ఏళ్లుగా గోడకి ఇవతలే నేను,
నా మూడు చక్రాల బండి,
బండిలో ఐసు దిమ్మలు,
దిమ్మల మీద రంపపు పొట్టు,
పొట్టు మీద తడి గోనె.

ఆట నాకు గ్లాసుల్లో తెలుస్తుంది.
మా జట్టు పైన ఉంటే బీరు అడుగుతారు,
మంచు పట్టి ఒళ్లంతా తెల్లబడ్డ సీసా.
పెళ్లికూతురి ముస్తాబులో తెమ్మంటారు దాన్ని సాన్ పెడ్రోలో.
ఓడుతుంటే చెరకురసం, మాటా పలుకూ లేకుండా.
సమానంగా ఉంటే ఎవడూ బయటికి రాడు.
ఆ కాసేపు కరిగేది నా ఐసొక్కటే.

మూడో గేటు పక్కన ఎర్సిలియా బడ్డీ.
ఆమె దగ్గర ఒకటే సరుకు:
నారింజ రసం, పాలు, చక్కెర, నా ఐసు.
పేరు మొరీర్ సొన్యాందో,
అంటే కలగంటూ చచ్చిపోవడం.
"చచ్చేదెవరు?" అన్నాను మొదటి రోజు.
"అరువు తాగినవాళ్లు" అంది.

పుల్లటి రసంలో పాలు పోస్తే విరిగిపోవాలి కదా.
ఆమె పోస్తే విరగవు.
రెండూ పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండాలి,
ధార దారమంత సన్నగా ఉండాలి,
పోసే చెయ్యి ఎవరి మీదా కోపంతో ఉండకూడదు.
మొగుడితో పోట్లాడిన రోజు
ఆమె బడ్డీ తెరవదు.
నా ఐసంతా చేపల బజారుకి పోతుంది.

జనవరిలో ఒక రాత్రి, ఎనిమిదో ఇన్నింగ్స్.
సమానంగా ఉన్నట్టుంది, గేటు దగ్గర పిల్లి కూడా లేదు.
లోపల ఫెళ్లుమంది.
బంతి బాగా తగిలిన చప్పుడు కాదు,
ఎండుకొమ్మ చప్పుడు.
మరుక్షణం కరెంటు పోయింది, ఊరికి ఊరే.

బంతి గాలిలో ఉండగా దీపాలారాయట.
పట్టేశామని వాళ్లు,
నేల తాకిందని మావాళ్లు.
అది ఎక్కడ పడిందో బంతికే తెలియాలి.
ఇక చూసుకోండి,
నాలుగు వేల దాహాలు ఒక్కసారి మా మీద పడ్డాయి.
ఎర్సిలియా సుత్తి ఎవరి కాలో తగిలి మురుగులోకి జారింది.
దిమ్మ ఉంది, పగలగొట్టే దిక్కు లేదు.

అప్పుడొచ్చాడు రూడెల్వి,
మేకుల బూట్లు సిమెంటు మీద టకటకలాడుతూ,
నిలువునా చీలిన బ్యాటుని
దెబ్బ తగిలిన పక్షిని పట్టుకున్నట్టు పట్టుకుని.
ఆటగాడి లాగుకి జేబులో చిల్లర ఉండదు.
"ఈ రాత్రి నాలుగోసారి ఇది" అన్నాడు, ఎవరితోనో.
ఆమె చెయ్యి చాపింది:
"ఆ లావు ముక్క ఇటివ్వు."

గోనె మీద వేసి దంచాను నేను.
సెల్‌ఫోను వెలుగు చూపబోతే వద్దంది.
చీకట్లో వింటూ పోసింది,
ధార తడబడితే చప్పుడు మారుతుందట.
నాకేమీ తేడా వినపడలేదు.
క్యూలో ఉన్నవాళ్లు మాత్రం ఊపిరి బిగబట్టారు.

బ్యాటు విరిగింది,
వాడి మనసు విరిగిందో లేదో అడగలేదు,
పాలు మాత్రం విరగలేదు.

సగం గ్లాసులో ఉండగా దీపాలు వచ్చాయి,
ఒక్కో వరుసే, బద్ధకంగా.
మళ్లీ కొట్టమన్నాడట అంపైరు.
పై పెదవి మీద తెల్ల మీసంతో పరుగెత్తాడు.
లోపల ఎవరో నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు.

ఆ తర్వాతేం జరిగిందో గోడకి ఇవతల నాకేం తెలుసు?
బీరు అడిగారు చాలామంది.
కానీ వాళ్లు ఏ ఊరి వాళ్లో
నేను మొహాలు చూడలేదు, సీసాలు తీస్తున్నాను.

ఆ చెక్క ఇప్పటికీ బడ్డీలోనే ఉంది, ఐసు దంచడానికి.
దాని మీద మంటతో కాల్చిన అక్షరాలు: రూడె.
మిగతా పేరు
వాడి దగ్గరే ఉండాలి.