ముప్పై ఒకటిన్నర

మౌలాలి టేపు లాగి అన్నాడు:
"అక్కా, నిటారుగా నిలబడు.
మోచెయ్యి మడువు. ఊపిరి బిగబట్టొద్దు."

రవికె కుట్టే సైదాబీ తప్ప
ఇన్నేళ్ళలో నన్నెవరూ కొలవలేదు.
నేల నుంచి మోచేతి దాకా ముప్పై ఐదున్నర అంగుళాలు.
అందులో నాలుగు తీసేసి
చెవి సందులోని పెన్సిలుతో గోడ మీద గీత గీశాడు.
ముప్పై ఒకటిన్నర.
"ఇదీ నీ గట్టు."

పాత గట్టు మా అత్త ఎత్తు.
సుంకులమ్మతో మాట్లాడాలంటే వీధిలో ఎవరైనా తలెత్తాల్సిందే,
గౌరవం కొద్దీ కాదు, మెడ కొద్దీ.
ఆమె పోయి పదకొండేళ్ళు.
గట్టు మాత్రం ఆమె నడుం దగ్గరే ఆగిపోయింది.
నేను కొత్తకోడలిగా వచ్చిన రోజు
మామ నన్నూ గట్టునూ మార్చి మార్చి చూసి
ఏమీ అనకుండా బజారుకు పోయి
వేపచెక్క పీట ఒకటి చేయించుకొచ్చాడు.
పందొమ్మిదేళ్ళు దాని మీదే నిలబడి వండాను.
చేట కావాలంటే దిగు,
చెట్లు అందుకోవాలంటే ఎక్కు,
పాలు పొంగితే దేవుడే దిక్కు.

బళ్ళారి చౌరస్తా దగ్గర షోరూంలో
టై కట్టుకున్న పిల్లోడు వంటిళ్ళు చూపించాడు.
అన్నీ తెల్లవి. ఒక్కదాంట్లోనూ మనిషి లేదు.
"మీది మీడియం సైజు మేడం, పది బై పన్నెండు,
ఎల్ షేపు బాగా కుదురుతుంది."
రొట్టె యాడ తట్టల్ల, అనడిగాను.
వాడు నన్ను చూశాడు, మా ఆయన్ను చూశాడు,
మళ్ళీ పుస్తకం తిరగేశాడు.
ఆ పేజీల్లో చప్పుడనేదే లేదు.

వీరేశికి చిమ్నీ కావాల.
నాకు కిటికీ కావాల.
మూడు రోజులు మాటల్లేవు.
నాలుగోనాడు తలుపు మూసి
అరకిలో మిరపకాయలు వేయించాను.
కిటికీ పెద్దదయింది.

గట్టు పగలగొట్టిన రోజు
కడప బండ ఇద్దరు పట్టినా కదల్లేదు.
గునపంతో లేపితే
గోడకూ బండకూ నడుమ
వేలెడు మందాన ఎండిన బురద.
వరదొచ్చిన ఏడు తుంగభద్ర లోపలికొచ్చి
మా వంటింట్లో రెండు రాత్రులు పడుకుని పోయింది.
అత్తా నేనూ చీపుర్లు అరిగేదాకా కడిగాం.
అంతా పోయిందనే అనుకున్నాం.
బురద పెళ్ళలో ఒక స్టీలు చెంచా.
పుట్టింటికి పంపించేశావని
అత్త నన్ను నెల రోజులు సాధించింది దీని గురించే.
కడిగి చూస్తే తుప్పు లేదు.
ఎవరికి చూపించను?

మౌలాలి బండ తిరగేశాడు.
పైవైపు పగులు, నూనె మరకలు, అత్త కత్తి గాట్లు.
అడుగువైపు ఎవరి చెయ్యీ తగలని నలుపు.
"గ్రానైటొచ్చినాక దీంతో పనేముంది, పారేద్దామా?"
మూడడుగులు కోయమన్నాను.
కిటికీ కింద, ఇరవయ్యారు అంగుళాల ఎత్తులో, తిరగేసి.
మెస్సుకు రోజూ అరవై జొన్నరొట్టెలు పంపేదాన్ని నేను.
రొట్టెకు మనిషి వంగల్ల,
భుజం బరువు అరచేతిలోకి దిగల్ల.
నున్నటి గ్రానైటు మీద ముద్ద జారుతుంది, మాట వినదు.

ఇప్పుడు సొరుగులు తొమ్మిది.
వాటంతటవే మెత్తగా మూసుకుంటాయి.
కోపమొస్తే విసురుగా వేద్దామంటే కుదరదు,
ఇది మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు.
పసుపు డబ్బా ఏ సొరుగులో ఉందో
నాకంటే ముందు మా ఆయనకే తెలుస్తుంది,
ఎందుకంటే ఇప్పుడు టీ ఆయన పెడతాడు,
కొత్త సామాను మోజు తీరేదాకా అనుకుంటా.

వీపు నొప్పి తగ్గింది, నిజమే.
అద్దంలో కూడా కొంచెం పొడుగ్గా కనిపిస్తున్నాను.

నిన్న తెల్లారుజామున కరెంటు లేదు.
చీకట్లో పొయ్యి దగ్గరికి పోయి
కుడికాలెత్తి
లేని పీట మీద పెట్టాను.
అంత లోతుకు పడి ఒళ్ళంతా అదిరింది.

పీట బయట కొళాయి కింద ఉంది.
రెండు పాదాల గుంటల్లో
నీళ్ళు నిలబడి ఉన్నాయి.