చింతపండు లెక్క

దాలమ్మ పెరట్లో చింతచెట్టుంది.
దాలమ్మ ఇంట్లో చింతపండు లేదు.

నేను అటవీ శాఖ వారి దినకూలీ కాపలావాణ్ణి.
ఒక దుర్భిణి, ఒక లాంగ్ నోట్‌బుక్కు,
మూడు నెలలుగా రాని కూలి.
నోట్‌బుక్కులో చెట్టుకో పేజీ:
దాలమ్మ చెట్టు, గూళ్లు ముప్ఫయ్యొకటి.
ఎర్రకాళ్ల కొంగలవి పంతొమ్మిది,
గూడబాతులవి పన్నెండు.
పూత నిలవాల్సిన కొమ్మకు రెట్ట సున్నమేసింది.
కాయ వేలాడాల్సిన చోట
నోరు తెరిచిన ముక్కులు.

"ఏటి బావూ, నీ పుస్తకంలో
నా పులుసు లెక్క రాత్తావేటి?" అంటుంది.
టెక్కలి సంతలో కిలో కొని, కొంగున మూటగట్టి
ఆ చెట్టు కిందనుంచే ఇంట్లోకి పోతుంది.

వాసన గురించి ఎవరూ రాయరు. నేను రాస్తాను.
కార్తీకం వచ్చేసరికి ఊరంతా మురిగిన చేప.
ఆరేసిన పంచె మళ్లీ ఉతకాలి.
కొత్తల్లుడు ముక్కు మూసుకుని అన్నం తింటాడు.
పెళ్లికి బాణసంచా లేదు,
దీపావళికి పిల్లలు మేనత్తల ఊళ్లకెళ్లి కాల్చుకొస్తారు.
రోడ్డు పక్క బోర్డు మీద దీన్ని సంరక్షణ అన్నారు.
ఊళ్లో దీనికి పేరేమీ పెట్టలేదు.

గూటినుంచి జారిపడ్డ చేపను చూస్తే
తంపర ఎలా ఉందో తెలుస్తుంది.
నేను చేరిన ఏడు కొయ్యింగలు, జెల్లలు,
వెండి బిళ్లల్లాంటి పరిగెలు.
తర్వాత తిలాపియా. మళ్లీ తిలాపియా.
ఒకరోజు పిల్ల కక్కింది విప్పి చూస్తే
గుట్కా పొట్లం.
నౌపడ వైపు, ఉప్పు మడుల అవతల
ఎర్రమట్టి లారీలు తిరుగుతున్నాయి.
బురదను చూసి ఎవడైనా ఖాళీ జాగా అనుకుంటాడు.
పోటు తీసిన వేళ ఆ ఖాళీలో
ఎన్ని కాళ్లు నిలబడి భోంచేస్తాయో
ఆరు పేజీలు రాసిచ్చాను.
ఆఫీసులో వాటి మీద టీ గ్లాసు పెట్టారు.

గాలివాన రాత్రి వచ్చింది.
తెల్లారేసరికి సగం చెట్టు
దొడ్డిగోడ మీద పడుకుని ఉంది.
ఎగిరిపోయిన ఇంటిరేకులు ఎక్కడున్నాయో చూడకుండా
తట్ట పట్టుకుని దాలమ్మ పిల్లల్ని ఏరింది.
బతికినవి ఏడు.
వలగూట్లో పెట్టి చేపముక్కలు తినిపించాను.
నాలుగు ఎగిరాయి.
మిగతా మూడింటి సంగతి అడక్కండి.

పలాస నుంచి కట్టె కొనేవాడొచ్చాడు.
మిగిలిన సగానికి ధర చెప్పాడు,
సరిగ్గా రేకులకు సరిపోయే ధర.
"నిలబడీ ఉంది గదా, ఉండనీ" అంది.
ఆ మాట అన్నందుకు
ఆ చలికాలమంతా టార్పాలిన్ కింద పడుకుంది.

మరుసటేడు వానలొచ్చాయి, పక్షులూ వచ్చాయి.
పక్కవీధి తుమ్మల మీద, గంగరావి మీద దిగాయి.
దాలమ్మ చెట్టు పేజీలో సున్నా రాసి
ఆమెకు కనపడకుండా మడిచాను.

ఆ ఏడు పూత నిలిచింది.
మాఘానికి కొమ్మలు వంగేలా కాసింది,
ఎన్నేళ్ల బాకీనో ఒక్కసారే చెల్లించినట్టు.
వీధంతా పంచింది. నాకు రెండు కిలోలు.
తను మాత్రం ఒక కాయ ఒలిచి, నాలిక్కి రాసుకుని
ఉమ్మేసింది.
"పులుపు లేదు" అంది.
నేనూ తిన్నాను. పళ్లు జివ్వుమన్నాయి.

వేసవిలో చీపురుపుల్లలు, వెదురుబద్దలు, సరుగుడు రెమ్మలు
చెట్టు మొదట్లో పోగేయడం మొదలుపెట్టింది.
ఎందుకంటే, పొయ్యిలోకి అంది.
పొయ్యి ఇంటికి అటుపక్కనుంది.

నిన్న నోట్‌బుక్కులో రాశాను:
దాలమ్మ చెట్టు, ఒకటి.
గూడింకా కట్టలేదు.
పుల్ల ఒకటి ముక్కున పట్టుకుని నిలబడ్డ కొంగ.
జతకోసం చూస్తోందో
కొమ్మ బలం చూస్తోందో తెలీదు.

అంతలో సంతనుంచి దాలమ్మ వచ్చింది.
తల ఎత్తి చూడలేదు.
కొంగున మూట ఉంది.
ఏమిటని అడిగాను.

"సింతపండు బావూ.
ఈ ఏటికి ముందే కొనీసినాను."