పదిహేడో నంబరు స్లైడు

దేవరకొండ దాటినంక ఎర్రగుట్ట తండా.
బండ మీద మీటరు పెడితే
టిక్కు... టిక్కు టిక్కు.
పొలం గట్టు మీదికంటె
కొంచెం తొందరపడ్డది, అంతే.
లక్పతి అనే పిలగాడు చెవి ఆనిచ్చి విని
"గుట్ట నిద్రల పండ్లు నూరుతుంది మేడం" అన్నడు.

బడి వరండాల బల్ల వేసి
నలభై రెండు మంది రక్తం తీసిన.
పచ్చ మూత గొట్టాలు, ఐసు డబ్బా,
పేరుకు బదులు ఒక నంబరు.
బాణోతు ద్వాలి వెంటనే చెయ్యి చాపలే.
"ఒకసారి నీళ్లు పట్టుకపోయిండ్రు.
ఒకసారి పోరగాండ్ల పండ్లు చూసి రాసుకపోయిండ్రు.
వచ్చినోళ్లు మళ్ల రాలే.
నువ్వు రక్తం దాకా వచ్చినవ్."
నా దగ్గర జవాబు లేదు.
దూది ఉన్నది.
కొంచెం సేపటికి ఆమెనే చెయ్యి చాపింది.

పాలమూరు మెట్టుగడ్డల, మూడో అంతస్తుల మా ల్యాబు.
బయట మే నెల, నలభై నాలుగు డిగ్రీలు.
ఇంక్యుబేటర్ల ముప్పై ఏడు, ఒంట్లె ఎంతనో అంత.
ఆ పెట్టెల మూడు దినాలు
తండా రక్తం తండా లేకుండ బతుకుతది.
కరెంటు పోతే
ఇన్వర్టర్ కుయ్యిమనేదాక ఊపిరి బిగపట్టుకుంట.

రెండుగ చీలబోయే కణాన్ని
మందు పోసి గడప మీద ఆపుతం.
వేరుపడీ పడని అన్నదమ్ముల లెక్క
ఒకే ఇంట్ల రెండు పొయ్యిలు.
పక్కన ఏమన్న చిన్న చుక్క ఉన్నదా చూడాలె,
పంపకంల ఎవరి వాటాకూ రాని పెంకు ముక్క.
ఊదారంగు వెలుతురుల
స్లైడుకు వెయ్యి ఇండ్లు తిరుగుత.
అది చుక్కనా, రంగు మరకనా?
కన్ను తీసి, తుడుచుకొని, మళ్ల పెడుత.

పెద్ద దెబ్బైతే గుర్తుపట్టుడు అల్కగనే.
క్రోమోజోములు విరిగి
రెండు నడుములతోని అతుక్కుంటయి.
చిన్న దెబ్బ అట్ల కాదు, సన్నటి తుంపర.
తడిసినమో, చెమట పట్టిందో తెల్వదు.
బీడీ అదే చుక్క పెడుతది,
వయసు అదే చుక్క పెడుతది.
వేలిముద్ర లేని దొంగ.

తండాల వెయ్యికి పదకొండు.
పోలిక కోసం తీసిన పట్నపోళ్లల తొమ్మిదిన్నర.
ఒకటిన్నర చుక్క కోసం
ఫర్జానా మేడం సాయంత్రం దాక కాగితం గీకి
"తేడా అనలేం. లేదని గూడ అనలేం" అని
చల్లారిన చాయ్ తాగింది.

నంబర్ల కవరు విప్పినం.
పదిహేడు, ద్వాలి. ఏడు చుక్కలు.
అందరికంటె ఎక్కువ యాభై ఎనిమిదో స్లైడు,
ఇరవై మూడు.
పోలిక కోసం ఇచ్చిన నా రక్తం.
మళ్ల లెక్కపెట్టిన. ఇరవై రెండు.
ఎక్స్-రే గదిల చేసిన నాలుగేండ్ల నౌకరా?
ఈ ముప్పై తొమ్మిదేండ్లా?
ఊకెనేనా?
ఆ రాత్రి చేతి గోర్లు చూసుకుంట కూసున్న,
అక్కడేమో రాసి ఉన్నట్టు.

ఆగస్టుల మళ్ల పోయిన.
ద్వాలి చాటల బియ్యం ఏరుతుంది.
నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టు కనపడనియ్యలే.
"ఉన్నదా, లేదా?"
"లేదని కాదవ్వా. కనపడలే."
"గదేం మాట?"
నా ఇరవై మూడు గురించి చెప్పిన.
ఎందుకు చెప్పిన్నో,
కాగితంల అది లేదు.
ఆమె చేతులు ఆగినయి.
చాట కొంచెం నా దిక్కు జరిపింది.
"రాళ్లు ఏరినంక గూడ
మెల్లగనే నములుతం బిడ్డా."

గుట్ట మీద మబ్బు పట్టింది.
లక్పతి మీటరు తెచ్చినవా అని అడిగి
లేదంటే ఉరికిపోయిండు.
ఆమె ఏరి పక్కకు పెట్టిన బియ్యంల
ఒకటి తెల్లగ, బియ్యం రంగే.
రాయో, నూకో.
వేలు పెట్టి చూస్తున్న.