గోడ సర్వ్ చెయ్యదు

బల్లార్షాలో బంతి పచ్చగా ఉండేది మొదటి అరగంటే.
ఆ తర్వాత బొగ్గు రంగు.
పొద్దు గూకినంక చూసి కాదు,
చప్పుడు విని కొడతాను.

ఆఫీసర్ల క్లబ్బులో కోర్టు తడిపి
సున్నం గీతలు గీసేది మా లస్మయ్య చిన్నాయన.
సార్లు ఐదున్నరకు వస్తారు.
మూడు నుంచి అందాకా నాది.
ఎండ నలభై ఆరు, అందుకే నాది.

ఆడటానికి జత లేదు, పంపుహౌసు గోడ ఉంది.
అలిసిపోదు. లోపల పడ్డదాన్ని ఔటనదు.
సర్వ్ మాత్రం చెయ్యదు.
అవతలి నుంచి దూసుకొచ్చే తొలి బంతిని
ఏడాదికి మూడుసార్లే చూస్తాను:
చంద్రపూర్, వార్ధా, అమరావతి.

పన్నెండో తరగతి అయిపోయింది.
నాగపూర్ కాలేజీలో ఆటల కోటా, ఒక్కటే సీటు.
ఐదు నిమిషాల వీడియో పంపమన్నారు.
తమ్ముడు పండరి ఫోను పట్టాడు.
మూడో నిమిషంలో గనిలో బ్లాస్టింగు,
ఫోను వణికింది, బంతి గీతను రాసుకుంటూ పడింది.
"ఆత్! ఆత్!" వాడు మరాఠీలో.
"లోపల్నే పడ్డది బిడ్డా!" జాలీ అవతల అమ్మ.
ఆ ముక్క కోసెయ్యమన్నారు అందరూ.
కొయ్యలేదు.

జవాబు ఇంకా రాలేదు.
నిన్న చిన్నాయన
గోడ మీది నెట్టు గీతను మళ్లీ తెల్లగా దిద్దుతున్నాడు,
ఈసారి జానెడు కిందికి.
ఎందుకే అంటే
"నువ్వు పోయినంక పండరికి గావాలె గదా" అన్నడు
బ్రష్షు ఆపకుండానే.

పోయినంక.
ఆ మాటను రాత్రంతా గోడకేసి కొట్టాను.
ఎంత గట్టిగా కొడితే
అంత గట్టిగా తిరిగొచ్చింది.