సీట్లు లెవ్వు

వేలంపాటలో దాన్ని మాకు అంటగట్టినవాడు
తాళంచెవి కూడా ఇవ్వలేదు.
స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పి చూపించాడు:
"గిట్లనే స్టార్టయితది."
పదకొండు లక్షల కిలోమీటర్లు తిరిగిన సిటీ బస్సు.
ఐదుగురి పొదుపు, పైన జోసెఫిన్ అమ్మిన గాజులు.

కాటేదాన్‌లో రేకుల షెడ్డు వెనక నిలబెట్టాం.
మొదటి ఆదివారం సీట్లు విప్పడానికే సరిపోలేదు.
నలభై నాలుగు సీట్లు, సీటుకి నాలుగు బోల్టులు,
బోల్టు బోల్టుకీ పదిహేనేళ్ల తుప్పు, మొండితనం.
తాజుద్దీన్ భాయ్ బీడీ ఆర్పి, కిరోసిన్ పోసి,
పక్కనే గొంతుక్కూర్చున్నాడు.
"తొందరొద్దు. జర నానని. ఇనుము గూడ అలుగుతది."

సీట్ల కింద దొరికినవన్నీ ఒక పళ్లెంలో వేశాను:
చింతగింజలు, తలపిన్నులు,
ఎవరి పసిదాని పట్టీ నుంచో రాలిన మువ్వ,
నాలుగు మడతల హాల్ టికెట్ ఒకటి.
మీసం రాని పిల్లవాడు ఫొటోలోంచి
నన్నే చూస్తున్నాడు.
పరీక్ష రాయనిచ్చారా వాణ్ని?
ఉపేందర్ పడేయమన్నాడు.
నా పర్సులో ఉంది ఇప్పటికీ. ఎందుకో అడక్కండి.

రంగు గీకితే కింద ఇంకో రంగు,
దాని కింద ఏదో ప్రకటనలోని సగం పెదవి.
కిటికీ కింద రేకు మీద మేకుతో చెక్కిన రెండు పేర్లు.
ఒక పేరును తర్వాత ఎవరో,
బహుశా రెండో పేరే,
రేకు చిల్లుపడేంతగా గీకేసింది.
ఆ రేకుకే వంటగట్టు బిగించాం.
స్టవ్వు వెలిగించినప్పుడల్లా ఆ గీతలు కొంచెం వేడెక్కుతాయి.

రాణీగంజ్‌లో పైపులు, జుమ్మేరాత్ బజార్‌లో నీళ్ల ట్యాంకు,
పరుపులు మాత్రం కొత్తవి, అప్పు మీద.
"స్త్రీలకు మాత్రమే" రాసిన రేకును
జోసెఫిన్ విప్పనివ్వలేదు.
దాని కింది పరుపు తనది.
"ఎవడన్నా కూర్చుంటే లేపుతా" అంది,
పందొమ్మిదేళ్లు కోఠీ దాకా
నిలబడి ప్రయాణం చేసిన మనిషి.

బండ్లగూడ ఆఫీసులో సారు కళ్లజోడు పైకెత్తాడు.
"బస్సా, ఇల్లా? ఏదో ఒకటి రాయండి."
"పగలు బస్సు సార్" అన్నాడు ఉపేందర్.
నలభై రోజులు ఫైలు నవ్వలేదు.

కాగితం చేతికొచ్చిన మర్నాడు, ఇంకా తెల్లారకముందే
బయల్దేరాం. అనంతపురం దాటి ఎక్కడికైనా.
స్టీరింగు దగ్గర ఎల్లేశం,
డిపో నుంచి రిటైరై రెండేళ్లు.
ఆరాంఘర్ చౌరస్తాలో ఒక ముసలమ్మ చెయ్యెత్తింది.
బండి ఆగింది.
"నేనాపలే" అన్నాడు ఎల్లేశం, "నా కాలు ఆపింది."

గంగవాయిల కూర మూట ముందు ఎక్కింది, తర్వాత ఆమె.
అటూ ఇటూ చూసింది:
కర్టెన్లు, గ్యాసుపొయ్యి,
పై అరలోంచి వేలాడుతున్న ఉపేందర్ సాక్సు.
"సీట్లు లెవ్వా?"
"లెవ్వమ్మా. ఇది..."
ఏడు నెలలు కష్టపడి కట్టుకున్నదానికి
పేరే పెట్టుకోలేదని అప్పుడు తెలిసింది నాకు.

ఆమె ఆగలేదు. నేరుగా వెళ్లి
"స్త్రీలకు మాత్రమే" కింద కూర్చుంది.
కొంగుముడి విప్పి ఆధార్ కార్డు చూపించింది.
"శంషాబాద్. ఫ్రీయే గద?"
"ఫ్రీయే" అంది జోసెఫిన్, కాస్త జరిగి.

దిగుతూ రెండు కట్టలు స్టవ్వు పక్కన పెట్టింది.
"బండి మంచిగుంది బిడ్డా.
మీ సార్లకు చెప్పి సీట్లు పెట్టియ్యిండ్రి."
వెనక నుంచి తాజుద్దీన్ భాయ్
రేకు మీద రెండుసార్లు చరిచాడు: రైట్.
ఎవరూ నేర్పలేదు ఆయనకి.

షాద్‌నగర్ దాకా ఇంకో మూడు చోట్ల చేతులు లేచాయి.
ఎల్లేశం రెండు చోట్ల ఆపాడు.