లోపలి జేబు

కిలీన్‌లో నా కుట్టు దుకాణం,
సైన్యం గేటుకి మూడు సిగ్నళ్ల ఇవతల.
బోర్డు మీద పేరుపట్టీలు, జిప్పులు, అంచులు అని ఉంటుంది.
లోపలి జేబు అని ఉండదు.
దానికోసం వచ్చేవాళ్లు బోర్డు చూసి రారు.

విమానం ఎక్కే వారం ముందు వస్తారు.
తెచ్చింది కౌంటర్ మీద పెట్టి
గోడ గడియారంతో మాట్లాడుతున్నట్టు
"ఎడమ పక్కన మేడమ్, కనబడకుండా" అంటారు.

ఓర్టెగాది నాయనమ్మ మెడలోని బిళ్ల.
ముద్దులకి అరిగి, అందులోని పునీతుడికి ముక్కే లేదు.
బాగ్బీది కీర్తన రాసిన కాగితం,
చెమటకి తడవకుండా శాండ్‌విచ్ కవర్లో మడిచింది.
దేవుడి పేరెత్తితే నవ్వే హాస్కిన్స్
కూతురి పాలపన్ను తెచ్చాడు.
"ఇది అలాంటిది కాదు" అన్నాడు, నేనడక్కుండానే.
కాదులే అన్నాను. అదే కొలతకి కుట్టాను.

గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటే ఎట్లాగే
అని మా అమ్మయితే తిట్టేది.
నాకు మాత్రం తెలీదా!
ఏ గుడ్డ ఎంతకి చిరుగుతుందో, ఏ దారం ఎంతకి తెగుతుందో
ముప్పయ్యేళ్లుగా నా తిండే అది.
అయినా ఆ జేబుల ఆఖరి ముడి దగ్గర
దారం పళ్లతో కొరకను. ఎంగిలవుతుంది.
కత్తెర వెతుక్కుంటాను.

మెడిక్ టిబ్బెట్స్ ఒక్కతే
ఉత్త చేతులతో వచ్చింది.
"ఖాళీగానే మూసెయ్" అంది.
డబ్బులు తీసుకోవాలా వద్దా అని తటపటాయించాను.

మార్చిలో వాళ్లమ్మ ఆ చొక్కా పట్టుకొచ్చింది.
పిల్ల శాన్ ఆంటోనియో ఆసుపత్రిలో ఉందట,
కళ్లు తెరుస్తుందట, మాట్లాడదట.
ఒంటి మీంచి తియ్యడానికి చొక్కాని నిలువునా కోశారు.
"మళ్లీ కలపగలవా?
నేనిచ్చిన సిలువ అందులోనే ఉంది, అదే కాచింది" అంది.

అది ఖాళీ జేబని నాలుక చివరిదాకా వచ్చింది.
వేలు పెట్టి తడిమాను.
గట్టిగా ఏదో తగిలింది,
కందిగింజ కన్నా పెద్దది, సిలువ కన్నా చిన్నది.
మూతి దగ్గర నా కుట్టు లేదు.
నల్లదారం, వంకరటింకర కుట్లు,
చివర పళ్లతో కొరికిన పీచు.

ఏ రాత్రి విప్పిందో, ఏం దాచిందో.

కోత మొత్తం కలిపాను.
జేబు జోలికి పోలేదు.
ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటుంటే
తలుపు గంట మోగింది.
ఎవరో కుర్రాడు, మెడ మీద ఇంకా మొటిమలు ఆరలేదు,
పిడికిలి మూసి నిలబడ్డాడు.